కడిగిన వెండి రూపాయలు

మచ్చ కంటబడితే నూకరాజు చెయ్యి ఊరుకోదు.

సామర్లకోట స్టేషన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు అతనిది. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటే, గోరంత గడియారంలో కూడా దుమ్ము ఎక్కడ దాక్కుందో పట్టేస్తాడు. అద్దాల బల్ల మీద ఎవరైనా చెయ్యి ఆనించి మాట్లాడితే, వాళ్లు మెట్టు దిగకముందే ఆ చోటు తుడిచేస్తాడు.

తెల్లదొరల కాలంనాటి వెండి రూపాయలు పోగుచెయ్యడం అతనికి పట్టిన పిచ్చి. ఆ పిచ్చిలోనూ అదే గుణం. రూపాయి ఎంత అరుదైనదైనా సరే, విక్టోరియా రాణి చెంప మీద చిన్న మరక ఉందంటే అతనికి అన్నం సయించదు.

ఈ విద్యలో అతని గురువు కర్రి భద్రాద్రి గారు. రైల్వేలో టికెట్ల గుమాస్తాగా చేరి, అందులోనే రిటైరయిన మనిషి. డెబ్భై మూడేళ్లుంటాయి. స్టేషన్ వెనక వీధిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నారు. పిల్లల్లేరు. భార్య అమ్మాజమ్మ పోయి రెండేళ్లు దాటింది.

ఆయన పాఠం చెప్పే పద్ధతి వేరు. సాయంత్రం నూకరాజు వెళ్లగానే ఒక రూపాయి తీసి అతని అరచేతిలో పెట్టేవారు.

"ఏం కనబడుతోంది?"

"పద్దెనిమిది వందల డెబ్భై ఏడండి. తారీఖు కింద చుక్క ఉంది, బొంబాయి టంకశాలలో పోసిందండి. అంచు ఎక్కడా దెబ్బతినలేదు."

"ఇంకా?"

"ఇంకేం లేదండి."

"సరే. ఉంచు. రేపు చూద్దువుగాని."

ఆ 'ఇంకా' అనేది ఏమిటో ఆయన అడిగితే చెప్పేవారు కాదు. ఎప్పుడో మనసు పుడితే, ఏ కారణమూ లేకుండా, అరుగు మీద కూర్చుని ఆయనే మొదలుపెట్టేవారు.

"నేను ఉద్యోగంలో చేరింది యుద్ధం రోజుల్లో. అప్పుడే పాత వెండి రూపాయలు వాపసు తీసేసుకుంటాం అని సర్కారు చాటించింది. ఇక చూడు, ఇళ్లల్లో కుండల్లో దాచుకున్నవన్నీ బయటపడ్డాయి. నా టికెట్ కిటికీలోంచి రోజూ రాణులూ రాజులూ లోపలికొచ్చేవారు. బట్టతల రాజు, కిరీటం రాజు, నగల రాణి. సాయంత్రానికి సంచీ కట్టి పైకి పంపెయ్యాలి. పంపబుద్ధయ్యేది కాదు. జీతంలోంచి ఒక నోటు అందులో పెట్టి ఒక రూపాయి నేను తీసుకునేవాణ్ని."

"మంచివి చూసి ఏరుకునేవారాండీ?"

"మంచివా?" అని ఆయన నవ్వేవారు. "రంగూన్ మీద బాంబులు పడ్డాక మనవాళ్లు అడవుల్లో పడి నడిచి వచ్చారు. కలకత్తా చేరి అక్కణ్నుంచి రైల్లో. ఒకావిడ కిటికీ దగ్గరకొచ్చి కాకినాడకి టికెట్ అడిగింది. చీర కొంగు ముడి విప్పుతోంది, విప్పుతోంది, రావడం లేదు. వేళ్లకి పుళ్లు. వెనకాల జనం తోసేస్తున్నారు. చివరికి పళ్లతో విప్పి రూపాయి తీసి, కళ్లకద్దుకుని, నాకిచ్చింది. అది నేను సంచీలో వెయ్యగలనా, చెప్పు."

అలాంటివి వింటున్నంతసేపూ నూకరాజుకి బాగుండేది. ఇంటికెళ్లి భూతద్దం పెట్టుకున్నాక మాత్రం మళ్లీ తారీఖు, చుక్క, అంచు, మచ్చ.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "గురువుగారండీ, ఆరేళ్లుగా మీ దగ్గరికి వస్తున్నాను. మచ్చలేని నాణెమే మంచి నాణెం, అవునా కాదా? ఒక్క మాట చెప్పండి."

"తోమకు, అదొక్కటీ గుర్తుంచుకో. ఏళ్ల తరబడి వెండికి పట్టిన నలుపు వెండిదే. దాని జోలికి పోకు" అన్నారంతే భద్రాద్రి గారు.

ఆ మాటని నూకరాజు ఎన్నడూ దాటలేదు.

ఆ ఏడు దసరా వెళ్లాక భద్రాద్రి గారికి కాకినాడలో కంటి ఆపరేషన్ అయింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండాలన్నారు. వెళ్తూ ఇంటి తాళం నూకరాజు చేతిలో పెట్టారు.

"పెరట్లో మొక్కలకి నీళ్లు పొయ్యి. దేవుడి అలమర దగ్గర కాస్త దుమ్ము దులుపు. ఆవిడ పోయాక నేను అటువైపు పెద్దగా చూడటం లేదు."

మొదటిరోజు మధ్యాహ్నం దుమ్ము దులుపుతుంటే, అలమర పై అరలో ఇత్తడి డబ్బా ఒకటి నూకరాజు చేతికి తగిలింది. మూత తీశాడు. ఇరవై ఒక్క వెండి రూపాయలు.

అవేమిటో అతనికి తెలుసు. టికెట్ కిటికీ దగ్గర ఆయన ముందుగా తీసుకున్నవి. ఆయన సేకరణ మొత్తానికి అవే మొదలు. కానీ ఎలా ఉన్నాయని. ఒక్కొక్కదాని మీదా కుంకం పొరలు పొరలుగా గట్టిపడిపోయి, ఎండిన రక్తం రంగుకి తిరిగింది. రాణిగారి ముక్కూ కన్నూ ఆ పొర కింద ఉన్నాయి. పక్కన అక్షరాల సందుల్లో పసుపు. రంగూన్ నుంచి వచ్చిన రూపాయి ఇందులోనే ఉండాలి, ఏదో పోల్చుకోవడానికి లేదు.

కార్తీకంలో కాకినాడ నాణేల సంఘం వాళ్లు ప్రదర్శన పెడుతున్నారు. భద్రాద్రి గారికి సన్మానం కూడా అనుకున్నారు. ఈ ఇరవై ఒకటీ తెల్లటి గుడ్డ మీద పరిచి, 'గురువుగారి మొదటి రూపాయలు' అని చీటీ రాసి పెడితే ఎలా ఉంటుందో నూకరాజు కళ్లముందు మెదిలింది.

తోమకూడదు. నిజమే. కానీ ఇది వెండికి వచ్చిన నలుపు కాదు కదా, బయటినుంచి పట్టింది. అమ్మాజమ్మ పిన్నిగారు పోయాక వీటిని పట్టించుకునే దిక్కు లేదు, పాపం ఆయనకా చూపు ఆనడం లేదు. తన చేతికి ఈపాటి పని రాదా.

రెండు మధ్యాహ్నాలు పట్టింది. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, గుడ్డ కూడా తగిలించకుండా, మెత్తటి కుంచెతో, చిగురంత వెదురుపుల్లతో, భూతద్దంలో చూసుకుంటూ ఒక్కొక్క పొరే లేపాడు. ఏ రూపాయి మీదా వెంట్రుకంత గీత కూడా పడలేదు. వెండికున్న నలుపు వెండికే ఉంది. రాణిగారి చెంప బయటికొచ్చింది, రాజుగారి మీసం బయటికొచ్చింది. గిన్నెలో నీళ్లు ఎర్రగా చిక్కబడ్డాయి. వాటిని పెరట్లో సన్నజాజి మొదట్లో పోశాడు.

అంత మంచి పని తన జన్మలో చెయ్యలేదనుకున్నాడు.

ఐదోరోజు అతనే వెళ్లి గురువుగారిని కాకినాడ నుంచి బస్సులో తీసుకొచ్చాడు. కుడికన్ను మీద పచ్చగుడ్డ, ఆ పైన నల్లకళ్లజోడు. వంగకూడదు, బరువెత్తకూడదు అన్నాడు డాక్టరు. అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆగలేక ఇత్తడి డబ్బా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు.

"ఏమిటిది?"

"చూడండి మీరే."

ఎడమ కంటితో ఆయనకి అసలే అంతంతమాత్రం. మూత తీసి ఒక రూపాయి అందుకున్నారు. అలవాటు ప్రకారం బొటనవేలు దాని మీద నడిపించారు.

వేలు ఆగింది.

ఇంకోటి తీశారు. మళ్లీ వేలు. ఇంకోటి. నాలుగోదాని దగ్గర ఆయన చూడటం మానేసి, తల వీధివైపు తిప్పి, ఒట్టి వేలితోనే తడుముతూ వెళ్లారు. ఇరవై ఒకటీ అయ్యేదాకా నూకరాజు నవ్వుమొహంతో నిలబడే ఉన్నాడు.

"గీత పడలేదు" అన్నారు భద్రాద్రి గారు.

"ఒక్కటి కూడా పడలేదండి."

"మంచి చెయ్యి నీది."

నూకరాజుకి గుండె నిండిపోయింది. ప్రదర్శన సంగతి చెప్పబోయాడు. ఆయన ముందే అడిగారు.

"కడిగిన నీళ్లు ఎక్కడ పోశావు?"

"సన్నజాజి మొదట్లోనండి."

ఆయన డబ్బా పక్కన పెట్టి లేచారు. గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్లారు. నూకరాజు వెనకే వెళ్లాడు. సన్నజాజి పాదు దగ్గర ఆయన పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డారు. "వంగకూడదన్నారు. కాస్త మట్టి తీసివ్వు నూకరాజూ" అన్నారు.

నూకరాజు గుప్పెడు మట్టి తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. మామూలు తడిమట్టి. అందులో ఎరుపేమీ లేదు. ఆయన దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"నలభై తొమ్మిది దీపావళులు" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నూకరాజుకి. గుర్తు రాకపోవడమేమిటి, తను చూశాడు. నాలుగేళ్ల కిందట దీపావళి సాయంత్రం ఇదే ఇంట్లో, గోడవార పీట మీద అమ్మాజమ్మగారు కూర్చుని ఉన్నారు. ముందు పళ్లెంలో ఈ రూపాయలే. ఉంగరం వేలితో తడికుంకం అద్దుకుని ఒక్కొక్కదానికీ బొట్టు పెడుతున్నారు. పాతబొట్టు తుడవకుండా దాని మీదే కొత్తది. "తుడవచ్చు కదండీ పిన్నిగారూ" అన్నాడు తను. ఆవిడ నవ్వి, "పోయినేడుది తుడిచేస్తే పోయినేడు ఎక్కడికి పోవాలయ్యా" అన్నారు. ఆ మాటకి తనూ నవ్వాడు. ఆవిడ ఇచ్చిన బొబ్బట్టు తిని ఇంటికెళ్లిపోయాడు.

ఇప్పుడు చేతులకంటిన మట్టి దులుపుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

"గురువుగారండీ" అన్నాడు.

"లోపలికి పద. ఎండగా ఉంది" అన్నారాయన. మట్టిని మాత్రం తనే, వంగకుండా, నెమ్మదిగా పాదులోకి జారవిడిచారు.

మర్నాడు పొద్దున్నే నూకరాజు తన దగ్గరున్న వాటిలోకల్లా గొప్ప రూపాయి పట్టుకెళ్లాడు. పద్దెనిమిది వందల అరవై రెండు. టంకశాల నుంచి నిన్ననే వచ్చిందా అన్నట్టుంటుంది. దానికోసం అతను మూడేళ్లు తిరిగాడు. అది ఆయన ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

భద్రాద్రి గారు దాన్ని చేతిలోకి తీసుకుని, బాగుందన్నట్టు తలాడించి, మళ్లీ అతని చేతిలోనే పెట్టేశారు.

"దీంతో నేనేం చేసుకోను? నీకు ఇష్టమైంది, నువ్వుంచుకో."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది నూకరాజుకి.

ఆ తరవాత అతను అటువైపు వెళ్లలేదు. రోజూ వేళకి కంట్లో మందు వెయ్యడానికి పక్కింటివాళ్లకి పురమాయించి, తను మొహం చాటేశాడు. ప్రదర్శనకి ఏమీ ఇవ్వడం లేదని కాకినాడ వాళ్లకి కార్డు రాసి పడేశాడు. ఒకరోజు మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరగా వేసి, తన రూపాయలన్నీ బల్ల మీద పరిచి కూర్చున్నాడు. నూట నలభై పైచిలుకు. అన్నీ తళతళలాడుతున్నాయి. ఒక్కదాని మీదా మచ్చ లేదు. ఒక్కటి తీసి, "ఇంకా?" అని తననే అడుక్కున్నాడు. ఎంతసేపు చూసినా దాని మీద ఎవరూ కనబడలేదు.

దగ్గర దగ్గర రెండు వారాలు అలా గడిచాయి.

దీపావళి నాడు పొద్దున్న స్టేషన్ రోడ్డంతా టపాకాయల కొట్లు. నూకరాజు గిరాకీ లేకపోయినా కొట్టు తెరిచి కూర్చున్నాడు. ఎదురుగా కాకరపువ్వొత్తులు బేరమాడుతున్న జనంలోంచి నల్లకళ్లజోడు పెట్టుకున్న మనిషి ఒకాయన, చేతిసంచీతో, అడుగులో అడుగు వేసుకుంటూ రోడ్డు దాటుతున్నారు.

నూకరాజు పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కరే ఎందుకు వచ్చారండీ? కబురు చేస్తే నేనే..."

"కబురు చేస్తే రావు. తెలుసు" అన్నారు భద్రాద్రి గారు.

మెట్టెక్కించి స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆయన ఆయాసం తీర్చుకుని, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, కొట్టంతా ఒకసారి కలయజూశారు. కొత్తగా వచ్చిన చూపు.

"నీ కొట్టు ఇంత ఎర్రగా ఉంటుందనుకోలేదు. ఈ గోడలకి గోధుమరంగు అనుకున్నాను ఇన్నాళ్లూ."

"ఎరుపేనండి. మొదట్నుంచీ."

ఆయన సంచీలోంచి ఇత్తడి డబ్బా తీసి అద్దాల బల్ల మీద పెట్టారు. పక్కన కుంకం బరిణె పెట్టారు. బల్ల మీదున్న మంచినీళ్ల గ్లాసు ఆయనే అందుకుని, బరిణె మూతలో నాలుగు చుక్కలు పోసి, చిటికెడు కుంకం కలిపారు.

"పెట్టు" అన్నారు.

నూకరాజుకి అర్థమై, ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేనాండీ? పాడుచేసిన చేత్తోనా?"

"నా చెయ్యి వణుకుతోంది. గీత పడకుండా కడిగిన చెయ్యి అదే కదా. కూర్చో."

అతను కూర్చున్నాడు. మొదటి రూపాయి ముందుకు జరుపుకున్నాడు. గోరంత గడియారంలో వెంట్రుకంత స్ప్రింగు బిగించే వేలు అది. రాణిగారి నుదుటి దాకా వెళ్లి ఆగిపోయింది. చుట్టూ గాలిలో బాణసంచా మందు వాసన, ఎక్కడో ఒక సీమటపాకాయ పేలింది. వేలు అదిరి, బొట్టు నుదుటి మీద పడాల్సింది ముక్కు పక్కన పడింది, కొంచెం చెదిరింది కూడా.

తుడవబోయాడు.

"ఉండనీ" అన్నారు భద్రాద్రి గారు.

నూకరాజు దాన్ని అలాగే వదిలేసి చూస్తూ ఉండిపోయాడు. పల్చటి ఎర్రచుక్క. ఊదితే పోయేలా ఉంది.

"నలభై తొమ్మిదేళ్లదండీ అది. పిన్నిగారు పెట్టింది. ఇదేపాటి?"

భద్రాద్రి గారు ఆ రూపాయిని రెండు వేళ్లతో అంచులు పట్టుకుని ఎత్తి, ఆపరేషనయిన కంటి దగ్గర పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

"మొదటేడు ఆవిడ పెట్టినప్పుడూ ఇంతే ఉంది" అన్నారు.

నూకరాజు వేలు మళ్లీ తడిచేసుకున్నాడు.